నాలుగో పాటకు ముందు

ఆగస్టు 5, 2012, ఆదివారం

ఇది వాక్యం రాసుకునే పుస్తకం. ముందు వైపు ప్రసంగాలున్నాయి. నేను వెనక నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి బెన్‌హర్‌కు తెలుగు చదవడం రాదు. మా ఆయనకు వచ్చు గాని ప్రసంగాల పుస్తకం ముట్టుకోరు. కాబట్టి భయం లేదు.

ఈ రోజు సంఘంలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. "మా అబ్బాయి పాటల ఆల్బమ్ వస్తోంది. వీడియో కూడా వస్తోంది. మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అన్నాను. అంతే అన్నాను. పాస్టర్ యోగానంద్ గారు మైకు తీసుకుని, "దేవునికి స్తోత్రం. 26వ తేదీ ఆరాధనలోనే విడుదల చేద్దాం. మన ఊళ్ళలో చేసినట్టే రంగు కాగితం చుట్టి, ప్రార్థన చేసి విప్పుదాం. తెర మీద ఒక పాట కూడా వేద్దాం" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం "బెన్‌హర్ రావట్లేదా సిస్టర్?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు కూడా కొట్టారు. ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ కూర్చున్నాను.

కారులో ఆయన అడిగారు.

"అవేం పాటలో చెప్పావా?"

"ఎవరూ అడగలేదు."

"అడిగితే?"

"అడగలేదుగా."

ఆయన రేడియో పెట్టుకున్నారు.

అవి దేవుడి పాటలు కావని, లోకపు పాటలని నాకు తెలుసు. యూనిలో, అంటే యూనివర్సిటీలో, చదివే నలుగురు పిల్లలు కలిసి పెట్టుకున్న బ్యాండ్. జూన్‌లో యూని హాల్లో కచేరీ చేస్తే, సినిమా కోర్సు చదివే పిల్లలు కెమెరాలతో తీశారు. పాడింది పాడినట్టు ఒక డిస్క్, తీసింది తీసినట్టు ఇంకో డిస్క్. ఆ బ్యాండ్ పేరు మాత్రం ఈ పుస్తకంలో రాయను. ముందు వైపు వాక్యం ఉంది.

నేను అబద్ధం చెప్పలేదు.

ఆగస్టు 6, సోమవారం

నేను అబద్ధం చెప్పలేదు. పాటలే. ఆల్బమే.

ఆగస్టు 8, బుధవారం

ఈ రోజు నాకు సెలవు. మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. అపూర్వ. బ్యాండ్‌లో డ్రమ్ములు వాయించేది. వాళ్ళ నాన్న డాక్టర్ ద్వారకానాథ్ గారు, క్వేకర్స్ హిల్ పేటలో సొంత ఇల్లు. ఆడపిల్లకు డ్రమ్ములేమిటో వాళ్ళకే తెలియాలి. జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది, గోళ్ళకు నల్లరంగు. బూట్లు బయట విప్పి, రెండూ జతగా గోడకు ఆనించి పెట్టి వచ్చింది. అది కూడా నాకు నచ్చలేదు.

టీ ఇచ్చాను. ఇంటికి వచ్చినవాళ్ళకు టీ ఇవ్వాలి.

"బెన్ లేడా ఆంటీ?"

"బెన్‌హర్ లేడు."

"సారీ. బెన్‌హర్." నవ్వింది. "ఈ డిస్క్ ఇద్దామని వచ్చా. ప్రింట్‌కి వెళ్ళే ముందు అందరూ ఒకసారి చూడాలి."

"రోజూ కలుస్తారుగా. వాడికే ఇవ్వొచ్చుగా."

"మీరు కూడా చూస్తారని. మీ పార్ట్ ఉంది కదా."

కృతజ్ఞతల్లో తల్లిదండ్రుల పేర్లు వేశారేమో అనుకున్నాను. "నా పేరు వేశారా?" అని అడిగాను.

"పేరు కాదు ఆంటీ, మీ వాయిస్. ఫోర్త్ సాంగ్ ముందు లైట్స్ అన్నీ ఆఫ్ అవుతాయి, అప్పుడు మీ ప్రేయర్ వస్తుంది. మీరు పొద్దున చేస్తారు కదా, అది." నా మొహం చూసి ఆగింది. "బెన్ చెప్పలేదా?"

"టీ చల్లారిపోతోందమ్మా."

"చెప్పాడనుకున్నా. హీ సెడ్ హీ టోల్డ్ యూ."

"ఆ హాల్లో ఎంతమంది ఉన్నారు?"

"నాలుగొందలు. కొంచెం ఎక్కువేమో."

"నవ్వారా?"

"లేదు ఆంటీ. ఎవ్వరూ నవ్వలేదు."

అలాగే చెబుతారు.

"కచేరీలో ఎవరికీ తెలుగు రాదు కదా, అందుకని వీడియోలో కింద ఇంగ్లీష్ వేశాం. అది నేనే రాశా. ఒకటి రెండు మాటలు రాకపోతే మా అమ్మని అడిగా." ఈ మాట చెప్పేటప్పుడు తల దించుకోలేదు. సూటిగా నన్నే చూసింది.

టీ మొత్తం తాగి, కప్పు తనే కడిగి బోర్లించి వెళ్ళింది. ఆమె వెళ్ళాక ఆ కప్పు నేను మళ్ళీ కడిగాను.

ఆగస్టు 9, గురువారం

ఆయన రైల్వే స్టేషన్ డ్యూటీకి, వాడు యూనికి వెళ్ళాక డిస్క్ పెట్టి చూశాను.

మూడు పాటలు ఓర్చుకుని విన్నాను. పాటలు అంటున్నాను, వేరే మాట లేక. పిల్లలందరూ చేతులెత్తి ఎగురుతున్నారు. మా కూటాల్లో కూడా చేతులెత్తుతారు గాని అది వేరు.

తర్వాత చీకటి. చీకట్లో నా గొంతు. అంత పెద్ద హాల్లో నా గొంతు, బాపట్ల గొంతు, ముప్పై ఏళ్ళ నాడు మా అమ్మ ప్రార్థించినట్టే. కింద తెల్లని ఇంగ్లీష్ అక్షరాలు. ఆ అమ్మాయి డ్రమ్ముల వెనక తల వంచుకుని కూర్చుని ఉంది, ప్రార్థనలో ఉన్నట్టు. నటన.

అందులో ప్రిస్సిల్లా సంగతి ఉంది.

ప్రిస్సిల్లా, నేను ఆసుపత్రి వంటశాలలో ఒకే చోట పని చేస్తాం. ఒకే సంఘం. ఆమె భర్త మా సంఘంలో పెద్ద, కానుక సంచి పట్టేది ఆయనే. ఆయన ఇంట్లో చెయ్యి చేసుకుంటాడని ప్రిస్సిల్లా నా ఒక్కదానికే చెప్పింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఎవరికీ చెప్పలేదు, దేవుడికి తప్ప. ఇప్పుడది పేరుతో సహా తెర మీద ఉంది. 26న మా సంఘంలో వేస్తారు, ఆమె భర్త ముందే వేస్తారు. ఆ రోజు ఇంటికి వెళ్ళాక ఆమె గతి ఏమిటి?

ప్రార్థనలో ఇంకా కొన్ని మాటలున్నాయి. అవి ఇప్పుడు ముఖ్యం కాదు.

ఆగస్టు 10, శుక్రవారం

వాడు వచ్చేసరికి డిస్క్ వాడి కంచం పక్కన పెట్టాను. వాడు చూశాడు. కూర్చున్నాడు. అన్నం పెట్టాను. ఆయన అప్పటికే తింటున్నారు.

"ఎప్పుడు తీశావు?"

"ఏప్రిల్‌లో. పొద్దున్నే గిటార్ రికార్డ్ చేద్దామని లేచి మైక్ ఆన్ చేశా. నువ్వే వస్తున్నావ్. ఈ ఫ్లాట్లో గోడలు గోడలు కాదమ్మా, అట్టలు."

"అది దొంగతనం."

"దొంగతనమా? ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళ నుంచీ పొద్దున ఐదింటికి నాకు వినపడేట్టు దేవుడికి నా మీద కంప్లైంట్ చేస్తున్నావ్. నా పర్మిషన్ తీసుకున్నావా?"

"బిడ్డ కోసం ప్రార్థిస్తే కంప్లైంటా?"

"డిస్క్ మొత్తం విన్నావా?"

"ప్రిస్సిల్లా ఆంటీ పేరుంది. ఆమె సంసారం..."

"నేనడిగింది అది కాదు. మొత్తం విన్నావా?"

వాడు సంచిలోంచి ఒక కాగితం తీశాడు. డిస్కులు అచ్చువేసే కంపెనీ వాళ్ళు, అందులో ఎవరి గొంతు ఉంటే వాళ్ళ సంతకం కావాలంటారట. 24 లోపల ఇవ్వాలట.

"చెయ్యకపోతే?"

"నీ పార్ట్ తీసెయ్యాలి. తీసేస్తే ఫోర్త్ సాంగ్‌కి మీనింగ్ ఉండదు. ఆ పాట నీకు ఆన్సర్."

"నేను నిన్నేమీ అడగలేదు, ఆన్సర్ చెప్పడానికి."

"అదే కదా. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను దాటి పైకి వెళ్ళి అడుగుతావ్. స్ట్రెయిట్ టు ది మేనేజర్."

"పెరుగుందా?" అన్నారు ఆయన.

పెరుగు తెచ్చి పెట్టాను. వాడు అన్నం సగంలో వదిలేసి గదిలోకి వెళ్ళాడు. కాగితం టేబుల్ మీదే ఉంది.

"మీరేమీ మాట్లాడరా?" అన్నాను.

"మీరిద్దరూ మాట్లాడేది నాతో కాదుగా" అన్నారు.

నాకు కోపం లేదు.

ఆగస్టు 11, శనివారం

సంతకం చెయ్యను. ప్రిస్సిల్లా కోసం.

ఆగస్టు 13, సోమవారం

ప్రిస్సిల్లాకు చెప్పేశాను. చెప్పకుండా దాచడం పాపం. ట్రేలు కదులుతూ వస్తుంటే ఆమె జెల్లీ కప్పులు పెడుతోంది, నేను సూప్ మూతలు పెడుతున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

చాలాసేపు కప్పులు పెడుతూనే ఉంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"పేరు పెట్టి ప్రార్థన చేశావా? పైకి?"

"దేవుడికి పేరు చెప్పొద్దా?"

"దేవుడికి నా పేరు తెలీదా మరియా? నువ్వు కేకేస్తే గాని గుర్తుపట్టడా?"

"సంతకం చెయ్యనని చెప్పేశాను. నీ కోసమే."

"నా కోసం మొదట్లోనే నోరు మూసుకుంటే సరిపోయేది. ఎంతమందికి తెలుసు?"

లెక్క చెప్పాను. మా వాడు. ఆ అమ్మాయి. ఆ అమ్మాయి తల్లి. కచేరీలో ఉన్నవాళ్ళకు అర్థం కాలేదు కాబట్టి వాళ్ళు లెక్కలోకి రారు.

"మా ఇంటి సంగతి ఇంకెవరికీ తెలీకూడదని ఇంత దూరం వచ్చి, నీకు చెప్పుకున్నానే" అంది. తర్వాత, "ఇక నా కోసం ప్రార్థన చెయ్యకు. ఎవరన్నా అడిగితే బాగున్నానని చెప్పు" అంది.

సూపర్‌వైజర్‌ను అడిగి వరసలో అటు చివరకు మారిపోయింది. నా పక్కన ఇప్పుడు ఒక వియత్నాం ఆవిడ. మంచిదే, మాట్లాడదు.

నాకు కోపం లేదు. ఆమె బాధలో ఉంది. కాని ఒక మాట రాసుకోవాలి. పది నెలలు ఆమె కోసం మోకాళ్ళు అరగదీసుకున్నది నేను. ఇంకొకరు కాదు.

ఆగస్టు 15, బుధవారం

వాడు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, అడక్కుండా నా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాడు. నా ప్రార్థన. ప్రిస్సిల్లా భాగం లేదు. అతుకు కూడా తెలియలేదు.

"ఇప్పుడు ప్రిస్సిల్లా ఆంటీ లేదు. కింద ఇంగ్లీష్‌లో కూడా లేదు. ఇప్పుడు సైన్ చేస్తావా?"

"చెయ్యను."

"రీజన్?"

"అది నేను దేవుడితో చెప్పుకున్నది."

"దేవుడితో చెప్పుకునేదైతే మీ రూంలో చేసుకోవాలి. హాల్లో ఎందుకు, నా గోడ పక్కన?"

"రూంలో నాన్న పడుకుంటారు. లేట్ షిఫ్టు చేసి వస్తారు."

"బాల్కనీ ఉంది. కిచెన్ ఉంది. ట్వెల్వ్ ఇయర్స్, నా తల ఎక్కడుంటుందో కరెక్ట్‌గా అక్కడే."

హాల్లో తివాచీ ఉంది, మోకాళ్ళకు మెత్తగా ఉంటుంది. ఆ మాట వాడు వెళ్ళాక గుర్తొచ్చింది.

మిగిలిన మాటలు రాస్తాను. ఇక్కడైనా రాయాలి.

"తండ్రీ, నా బిడ్డను ఆ గుంపులోనుంచి లాగు. వాడు రాకపోతే ఆ తీగలు మీటే చేతులు చచ్చుబడనీ. వాడి పాట ఒక్కరు కూడా వినకుండా చెయ్యి. వాణ్ణి సిగ్గుపరచి ఇంటికి తీసుకురా. ఆ డ్రమ్ములు వాయించే అమ్మాయిని వాడి కళ్ళకు అసహ్యం చెయ్యి. దాన్ని పడగొట్టు ప్రభువా. కన్నవాళ్ళ ఎదుటే పడగొట్టు."

ఇలా రాస్తే గట్టిగా కనిపిస్తోంది. ప్రార్థనలో అలా ఉండదు. ప్రార్థనలో అది భారం. అప్పటికి నాకు ఉపవాసం మూడో రోజు.

ఇది తెర మీద వేస్తే సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఆల్బమ్ కోసం ప్రార్థించండి అని ఆ రోజు లేచి అడిగింది నేనే. ఏమని ప్రార్థించాలో మాత్రం చెప్పలేదు.

ఆగస్టు 17, శుక్రవారం

పాస్టరుగారికి ఫోన్ చేశాను. అవి ఆత్మీయ గీతాలు కావని, విడుదల పెట్టొద్దని చెప్పాను. తిడతారనుకున్నాను.

"తెలుసమ్మా" అన్నారు. "స్టేషన్ దగ్గర ఆ కచేరీ పోస్టరు మే నెలలోనే చూశాను. గిటార్ పట్టుకున్నవాడు మన బెన్‌హరే కదా."

"తెలిసి ఎందుకు ప్రకటించారు అయ్యగారూ?"

"మీరు ఎన్నాళ్ళకు వచ్చి చెబుతారో చూద్దామని. పన్నెండు రోజులు పట్టింది."

"వందనాలు అయ్యగారూ" అన్నాను.

"మా ఆవిడ రంగు కాగితం కొనేసింది. పర్లేదులెండి, సండే స్కూల్ పిల్లల బహుమతులకు వాడతాం."

ఆయన దైవజనుడు. ఆయన గురించి నేను ఇంకేమీ రాయను.

ఆగస్టు 19, ఆదివారం

ప్రకటనల్లో "కొన్ని కారణాల వల్ల" అన్నారు. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. భోజనాల వరసలో లీల నా చెయ్యి పట్టుకుని, "బెన్‌హర్‌కి ఒంట్లో బాగాలేదా సిస్టర్?" అని అడిగింది. ఒంట్లో అన్న మాట మీద కొంచెం ఆగింది. "బాగానే ఉన్నాడు, బాగా తింటున్నాడు" అన్నాను. ఆమె కొడుకు ఈ ఏడు కూడా మెడిసిన్ సీటు రాక ఇంట్లో ఉన్నాడు. నేను అడగలేదు. అడగగలను.

కానుక సంచి నా దగ్గరకు వచ్చినప్పుడు ప్రిస్సిల్లా భర్త నవ్వి, "వందనాలు సిస్టర్" అన్నాడు. నేనూ అన్నాను. పక్కనే ప్రిస్సిల్లా పాటల పుస్తకం తిరగేస్తోంది. ఆ వారం పాట ఏదో అందరికీ తెలుసు, వెతకాల్సిన పని లేదు.

ఆగస్టు 20, సోమవారం

సంతకం చెయ్యలేదు.

ఆగస్టు 21, మంగళవారం

ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి టీ వద్దంది.

"ఆంటీ, మీ వాయిస్ తీసేశాం. మీకు చెప్పకుండా వేస్తే మళ్ళీ అదే మిస్టేక్ అవుతుంది కదా, అందుకే చెప్పడానికి వచ్చా. ఆ ప్లేస్‌లో నేను చదువుతా."

"ఏం చదువుతావు?"

"మీ ప్రేయర్."

"అవి నా మాటలు."

"దేవుడికి ఇచ్చేశారు కదా ఆంటీ."

"దేవుడి గురించి నీకేం తెలుసు?"

"ఎక్కువ తెలీదు. నన్ను పడగొట్టమని మీరు ఒక గాడ్‌ని అడిగారని తెలుసు. ఇంకా పడలేదు. సెమిస్టర్‌లో ఒక సబ్జెక్ట్ పోయింది, దట్స్ ఇట్."

నేను నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

"మీ అమ్మగారిని ఏం మాట అడిగావు?" ఇన్ని రోజులుగా అది నన్ను తినేస్తోంది.

"అసహ్యం. అంటే నాకు తెలీదు. అమ్మ చెప్పింది. ఎవరన్నారు, ఎవర్ని అన్నారు అని అడిగింది. 'బెన్ వాళ్ళ మదర్, నన్ను' అన్నా. టూ డేస్ నాతో మాట్లాడలేదు. నేనేదో చేసే ఉంటానని అనుకుంది. ఊరికే ఒక పెద్దావిడ అంత మాట అనదు కదా అంది." ఆగి, "కాబట్టి మీ ప్రేయర్ కొంచెం వర్క్ అయింది ఆంటీ" అంది.

ఆమె ఫోన్ తీసి, ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకున్నది చదవడం మొదలుపెట్టింది. కరెక్ట్‌గా ఉందా చూడమంది. నా ఎదురుగా నిలబడి, నా సోఫా పక్కన, తన మీద నేను అన్నవన్నీ చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చదివింది.

"ప్రబువా కాదు. ప్రభువా" అన్నాను.

"ప్రభువా."

"ఆ. చచ్చుబడనీ. చచ్చు, పడనీ అని విడదియ్యకు."

"చచ్చుబడనీ" అంది, రాసుకుంది. "థాంక్స్ ఆంటీ."

దేవుడి పేరు తప్పు పలికితే ఊరుకోలేను. అందుకే దిద్దాను.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో కూర్చుని బూట్లు కట్టుకుంటూ అడిగింది. "ఆంటీ, నన్ను ఒక్కసారి కూడా చూడకముందు చేసిన ప్రేయర్ కదా అది. ఏప్రిల్‌లో మనం ఇంకా కలవలేదు."

కలవలేదు. నిజమే. ఫోటోలో చూశాను.

ఆగస్టు 23, గురువారం

పొద్దున షిఫ్టు చేసి రెండింటికి ఇంటికి వచ్చాను. పప్పు పొయ్యి మీద పెట్టాను. వాడు గదిలోంచి చేతిలో చిన్న రికార్డర్ పట్టుకుని వచ్చాడు.

"అంతా అయింది. ఒక్క మాట మిగిలింది."

"నేను సంతకం చెయ్యనని చెప్పాను."

"విను ముందు." బటన్ నొక్కాడు. ఆ అమ్మాయి గొంతు. నెమ్మదిగా చదివింది. ప్రభువా అని సరిగ్గానే పలికింది. నా బిడ్డ చేతులు చచ్చుబడాలని అడిగింది. తనను పడగొట్టమని అడిగింది. చివరకు "యేసు నామమున అడుగుచున్నాను తండ్రీ" అంది. అక్కడ ఆగిపోయింది.

నా నోరు తెరుచుకుంది. ఈ లోకంలో ఎవరు ప్రార్థించినా, ఆ మాట దగ్గరకు వస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. చేత్తో మూసుకున్నాను.

"అపూర్వ లాస్ట్ వర్డ్ చెప్పదంట. 'మిగతావన్నీ మీ అమ్మ మాటలు, చదివా. ఆమెన్ అంటే మాత్రం నేను కూడా అదే అడిగినట్టు' అంది. నన్ను చెప్పమంది. నేనూ చెప్పలేను కదా, నా చేతులే. సో, నువ్వే చెప్పాలి."

"కంప్యూటర్లో నాది ఉందిగా."

"నీ సైన్ లేదుగా. సైన్ అన్నా చెయ్యి, లేదా ఇందులో అన్నా చెప్పు. ఒక్క వర్డ్. రోజూ చెప్పేదే కదా. ఈసారి గోడకి కాదు, నాకు చెప్పు."

రికార్డర్ నా మొహం ముందు పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. పట్టుకున్నది ఎడమ చేత్తో. తీగలు నొక్కీ నొక్కీ ఆ నాలుగు వేళ్ళ కొసలూ కాయలు కాసి, పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. బట్టలు ఉతికేవాళ్ళ చేతుల్లా ఉన్నాయి. ఇన్నాళ్ళూ అన్నం పెడుతూ అవి చూడలేదు.

"పప్పు మాడుతుంది" అన్నాను.

"తెలుసు. చెప్పు."

"లోకపు పాటల్లో నా గొంతు కలపను."

"అదేనా రీజన్?"

"అదే."

"ఇంకేం లేదా?"

"ఇంకేం ఉంటుంది?"

వాడు చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను పప్పు కలుపుతూ నిలబడ్డాను. లైటు వెలుగుతూనే ఉంది. పొయ్యి చప్పుడు, గరిటె చప్పుడు రికార్డయి ఉంటాయి. తర్వాత ఆపేశాడు.

"ఓకే" అన్నాడు. "సేమ్ టు యూ" అన్నాడు. దాని అర్థం నాకు తెలియలేదు. అడగలేదు.

లోకపు పాటల్లో నా గొంతు కలపకూడదు. అదే కారణం.

ఆగస్టు 24, శుక్రవారం

గడువు అయిపోయింది. సంతకం లేని కాగితం వాడే తీసుకెళ్ళాడు.

ఆగస్టు 31, శుక్రవారం

ఐదింటికి లేచాను. మోకరించాను. సమయం అయిపోయింది, లేచాను. ఏమీ అడగలేదు.

సెప్టెంబరు 8, శనివారం

నిన్న యూనిలో విడుదల చేశారట. మమ్మల్ని పిలవలేదు. పిలిస్తే వెళ్ళేదాన్ని కాదు. పిలవలేదు.

పొద్దున లేచేసరికి టేబుల్ మీద ఒక డిస్కుల డబ్బా ఉంది. అట్ట మీద నలుగురి ఫోటో. వెనక చిన్న అక్షరాల్లో చాలామంది పేర్లున్నాయి, నా కళ్ళజోడు దొరకలేదు. వెతకలేదు కూడా. వాడు గదిలో నిద్రపోతున్నాడు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన టీవీలో పెట్టారు. "మూడు నెలల్నుంచి దీని మీద కొట్టుకు చస్తున్నారు, ఏముందో చూద్దాం" అన్నారు. మూడు నెలలు కాదు, ఒక నెలే. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. గిన్నెలు కడగాలి.

మొదటి పాట అయింది. ఆయన సౌండు తగ్గించారు. రెండో పాట అయింది. మూడో పాట మధ్యలో, "వీడు బాగానే వాయిస్తున్నాడే" అన్నారు ఎవరితోనో. నేను కొళాయి కట్టేశాను. చేతులకు నురగ ఉంది. అలాగే గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను. తెర చీకటిగా ఉంది. ఆ అమ్మాయి డ్రమ్ముల వెనక తల వంచుకుని కూర్చుని ఉంది. ఆమె గొంతే వినపడుతోంది. హాల్లో నాలుగొందల మంది పిల్లలు కదలకుండా నిలబడి ఉన్నారు. ఎవ్వరూ నవ్వడం లేదు. మొదట డిస్క్ చూసిన రోజు నేను అది చూడలేదు.

ఆయన కుర్చీలో ముందుకు వంగారు. కళ్ళు మూసుకున్నారు. కుటుంబ ప్రార్థనలో కూర్చున్నట్టే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ మాటలు ఏమిటో వింటున్నారో లేదో తెలియదు. ఆయన ప్రార్థన వినరు, చివరి మాట కోసం చూస్తారు. ముప్పై ఏళ్ళుగా అంతే.

"యేసు నామమున అడుగుచున్నాను తండ్రీ" అంది ఆ అమ్మాయి.

తర్వాత ఏమీ లేదు. కింద అక్షరాలు లేవు. ఎక్కడో ఎవరో దగ్గారు. ఆ పిల్లలందరూ దేని కోసమో చూస్తున్నట్టు నిలబడి ఉన్నారు.

ఆయన నోరు తెరిచారు.

"ఏవండీ, మీరు అనకండి" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశారు. "ఎందుకు?" అన్నారు.

"అనకండి. ఎవరూ అనకూడదు."

ఆయన నోరు మూసుకున్నారు. డ్రమ్ములు మొదలయ్యాయి.